ఫిల్టర్ కడిగే ముందు

ఆదివారం పూట తీరిక చూసుకుని చాలా ఇళ్ళలో చేపల తొట్టె పని పెట్టుకుంటారు. చేపల్ని బకెట్లోకి మార్చి, ఉన్న నీళ్ళన్నీ పారబోసి, అడుగున ఉన్న రంగురాళ్ళను నాలుగైదుసార్లు రుద్ది కడుగుతారు. ఫిల్టర్ విప్పి, లోపలి స్పాంజిని కుళాయి కింద పట్టి, నల్లనీళ్ళు పోయి తెల్లనీళ్ళు వచ్చేదాకా పిండుతారు. సర్ఫు నీళ్ళలో నానబెట్టేవాళ్ళూ లేకపోలేదు. సాయంత్రానికి తొట్టె తళతళ మెరుస్తుంది. సోమవారం అంతా బాగానే ఉంటుంది. మంగళవారం చేపలు మేత ముట్టవు. బుధవారమో గురువారమో ఒక గోల్డ్‌ఫిష్ వెల్లకిలా తేలుతుంది.

అప్పుడు రకరకాల మాటలు వినిపిస్తాయి. దుకాణం అతను నాసిరకం చేపల్ని అంటగట్టాడని ఒకరంటారు. వాస్తు కోసం తొట్టె పెట్టుకున్న ఇళ్ళలోనైతే, ఇంటికి రావలసిన కీడును ఆ చేప తన మీద వేసుకుని పోయిందని పెద్దవాళ్ళు సమాధానపడతారు. మళ్ళీ నాలుగు చేపలు కొంటారు, నెల తిరిగేసరికి మళ్ళీ తొట్టె కడుగుతారు. ఇలా ఎన్ని చేపలు పోయినా అనుమానం మాత్రం ఆదివారం చేసిన పని మీదికి పోదు. శుభ్రం చేయడం తప్పెలా అవుతుందని మన నమ్మకం. నా మట్టుకు నాకు, మన ఇళ్ళలో రోగాలకన్నా ఆ ఆదివారపు శుభ్రతకే ఎక్కువ చేపలు బలైపోతున్నాయని అనిపిస్తుంది.

అదెలాగో చెప్పాలంటే చేప ఊపిరి దగ్గర మొదలుపెట్టాలి. చేప తిన్న మేతలోని మాంసకృత్తులు ఒంట్లో ఖర్చయ్యాక మిగిలే నత్రజనిలో ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా బయటికి వస్తుంది. అంటే చేప విసర్జిస్తేనే నీళ్ళు పాడవుతాయని కాదు, ఊరికే ఈదుతూ ఊపిరి పీలుస్తున్నా పాడవుతూనే ఉంటాయి. దానికితోడు తినకుండా వదిలేసిన మేత గింజలు, కుళ్ళిన ఆకులు, రాళ్ళ సందున చచ్చిన నత్త, అన్నీ చివరికి అమ్మోనియాగానే తేలతాయి. చెరువులో ఆ విషం పలచబడటానికి బోలెడన్ని నీళ్ళుంటాయి, పీల్చుకోవడానికి నాచు, మొక్కలు ఉంటాయి. హాలులో పెట్టుకున్న 40 లీటర్ల తొట్టెలో ఏముంటుంది?

ఇందులో ఒక మెలిక ఉంది. నీళ్ళలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయదు, రెండోది మొప్పల్ని దహించేస్తుంది. ఏది ఎంత ఉంటుందన్నది నీటి పీహెచ్‌ను బట్టి, వేడిని బట్టి మారుతుంది. 25 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం సుమారు అర శాతమే. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. 9కి చేరితే మూడో వంతు పైమాటే. ఒకే మోతాదు అమ్మోనియా ఒకరింట్లో చేపల్ని ఏమీ చేయకుండా పక్కింట్లో తెల్లారేసరికి చంపేయడానికి కారణం ఇదే. ఈ లెక్క గోదావరి జిల్లాల రొయ్యల రైతులకు నేను చెప్పనక్కరలేదు. ఎండ బాగా కాసి చెరువులో పీహెచ్ పెరిగే మధ్యాహ్నపు వేళ అమ్మోనియా ఎంత ఉందోనని వాళ్ళకుండే దిగులు ఇదే కదా.

మరి రోజూ తయారయ్యే ఈ అమ్మోనియా బాగా నడుస్తున్న తొట్టెలో ఎటు పోతోంది? పరీక్ష చేస్తే సున్నా చూపిస్తుంది. నీళ్ళు మార్చి వారం అయినా సున్నానే. ఎందుకంటే దాన్ని తినేవాళ్ళు అక్కడ ఉన్నారు. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. ఆ నైట్రైటూ విషమే. చేప రక్తంలో చేరితే రక్తం గోధుమ రంగుకు తిరిగి ప్రాణవాయువును మోయలేకపోతుంది. నీళ్ళలో ప్రాణవాయువు ఉన్నా చేప ఊపిరాడక చస్తుంది. ఇంకో జాతి సూక్ష్మజీవులు ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ను చేపలు చాలావరకు తట్టుకుంటాయి, మొక్కలు ఎరువుగా వాడుకుంటాయి. మిగిలినది వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు మారిస్తే పోతుంది.

ఈ సంగతి బయటపడిన తీరులో ఒక తండ్రీకొడుకుల కథ ఉంది. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త తన ప్రయోగం గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. సుమారు 55 లీటర్ల తొట్టెలో రెండు గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను పెట్టాడు. మొక్క ఆకులు కుళ్ళి నీళ్ళు చెడిపోతుంటే చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్ళిన ఆకుల్ని తినేశాయి, నీళ్ళు తేటపడ్డాయి. చేప, మొక్క, నత్త ఒకదాన్నొకటి పోషించుకుంటాయని ఆయన తేల్చాడు. ఇప్పుడు మనం అక్వేరియం అంటున్నదానికి పునాది వేసినవాళ్ళలో ఆయనొకడు. అయితే ఆ తొట్టెలో నాలుగో పాత్ర కూడా ఉంది. అది ఆయనకు కనబడలేదు, కనబడే అవకాశమూ అప్పట్లో లేదు. 1867లో ఆయన చనిపోయాడు.

పదేళ్ళ తర్వాత, 1877లో, ఫ్రాన్సులో ష్లేసింగ్, ముంట్జ్ అనే ఇద్దరు మురుగునీటిని ఇసుక, సున్నపురాయి పొడి నింపిన పొడవాటి గొట్టం గుండా మెల్లగా జారనిచ్చారు. మొదట్లో కిందికి వచ్చిన నీళ్ళలో అమ్మోనియా అమ్మోనియాగానే ఉంది. సుమారు 20 రోజులు గడిచాక నైట్రేట్ కనిపించడం మొదలైంది. ఉత్త రసాయన చర్య అయితే ఇన్నాళ్ళు ఆగడం ఎందుకు? అనుమానం వచ్చి గొట్టంలోకి క్లోరోఫామ్ ఆవిరి పంపారు. నైట్రేట్ ఆగిపోయింది. క్లోరోఫామ్‌ను తొలగించి, కాస్త మట్టి కడిగిన నీళ్ళు పోస్తే మళ్ళీ మొదలైంది. అంటే లోపల ప్రాణులేవో ఉండి ఈ పని చేస్తున్నాయి. ఇంట్లో కొత్త తొట్టె పెట్టినవాళ్ళు నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టాలని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఆ గొట్టంలోనే ఉంది.

ఆ వార్త విని ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో దీని వెంటపడిన మనిషి పేరూ రాబర్ట్ వారింగ్టనే. చేపల తొట్టె వారింగ్టన్ కొడుకు. ఏళ్ళ తరబడి పనిచేసి, ఇది రెండు అంచెల్లో జరుగుతుందని, రెండు వేరు వేరు ప్రాణుల పని అని ఆయన రాబట్టాడు. కాని వాటిని విడదీసి పెంచడం ఆయన వల్ల కాలేదు. అప్పట్లో సూక్ష్మజీవుల్ని పెంచాలంటే మాంసపు రసమో జెలటినో పెట్టడం అలవాటు. ఇవి వాటిని ముట్టవు. 1890లో జ్యూరిక్‌లో పనిచేస్తున్న రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ ఆ భోజనమంతా తీసేసి ఉత్త అమ్మోనియా, కొన్ని లవణాలు మాత్రం పెట్టి వాటిని పట్టుకున్నాడు. తండ్రి తొట్టెలో రాళ్ళకు అంటుకుని ఉన్నవాటినే కొడుకు పొలం మట్టిలో వెతికాడన్నమాట.

కథ అక్కడితో అయిపోలేదు. తొట్టెల్లో నైట్రైట్‌ను మార్చే పని నైట్రోస్పైరా జాతిదని 1998లో తేలింది. అంతకుముందు పుస్తకాలు ఆ పనిని నైట్రోబాక్టర్ ఖాతాలో రాసేవి, ఇప్పటికీ కొన్ని అలాగే రాస్తున్నాయి. 2005లో అమెరికాలోని సియాటిల్ నగరపు అక్వేరియంలో, ఒక తొట్టె అడుగున ఉన్న గులకరాళ్ళ నుంచి అమ్మోనియాను మార్చే ఇంకో ప్రాణిని వేరుచేశారు. అది బ్యాక్టీరియా కాదు, ఆర్కియా అనే మరో వర్గానికి చెందినది. 2015లో అయితే రెండు అంచెల పనినీ ఒంటిచేత్తో చేసే నైట్రోస్పైరా రకాలు దొరికాయి. వాటిలో కొన్ని చేపల్ని పెంచే ఒక కేంద్రంలోని ఫిల్టర్‌లో బయటపడ్డవే. మనం కుళాయి కింద పిండి పారబోసే ఆ గోధుమరంగు జిగురు కోసం శాస్త్రవేత్తలు ఇంత కాలం కష్టపడ్డారు.

ఇక ఫిల్టర్ దగ్గరికి వద్దాం.

ఈ ప్రాణులు నీళ్ళలో తేలుతూ తిరిగేవి కావు. ఏదో ఒక ఉపరితలానికి అంటుకుని, తమ చుట్టూ ఒక జిగురు పొర కట్టుకుని బతుకుతాయి. తొట్టెలో అద్దం మీద, రాళ్ళ మీద, ఆకుల మీద కూడా ఉంటాయి. కాని వాటికి కావలసినవి రెండు: ఎడతెగకుండా వచ్చే అమ్మోనియా, ఎడతెగకుండా వచ్చే ప్రాణవాయువు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చాలంటే సుమారు నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువు కావాలి. నీళ్ళు ఆగకుండా పారే చోటు తొట్టెలో ఫిల్టర్ ఒక్కటే. అందుకే జనాభా అక్కడ పోగవుతుంది. స్పాంజిలో లెక్కలేనన్ని సందులు, పింగాణీ రింగుల్లో కంటికి ఆనని రంధ్రాలు. కంపెనీలు అవి పెట్టేది చెత్త పట్టడానికి అని మనం అనుకుంటాం. చెత్త పట్టడం వాటి పనిలో చిన్న భాగం.

ఇంకో సంగతి, ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. మన కడుపులో ఉండే ఈ-కోలై లాంటి బ్యాక్టీరియా అన్నీ కుదిరితే 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. ఇవి రెట్టింపు కావడానికి మంచి పరిస్థితుల్లోనే సగం రోజు నుంచి ఒక రోజు దాకా పడుతుంది. పదింట తొమ్మిది వంతులు పోయాయనుకోండి, మళ్ళీ పాత జనాభాకు చేరడానికి కొన్ని రోజులు కావాలి. ఆ రోజుల్లో చేపలు ఊపిరి తీయడం మానవు, మనం మేత వేయడం మానం. అమ్మోనియా పేరుకుంటుంది. ఆదివారం కడిగితే బుధవారం చేప చావడంలో ఉన్న వ్యవధి అదే.

కాబట్టి కడగడం మానేయాలా అంటే, అదీ కుదరదు. మట్టి, పాచి పట్టి స్పాంజి మూసుకుపోతే నీళ్ళు పారవు, లోపలికి ప్రాణవాయువు అందదు. అందకపోతే మనం కాపాడాలనుకున్నవే ముందు చస్తాయి. కుళ్ళును తినే వేరే బ్యాక్టీరియా అక్కడ పెరిగి, ఉన్న కాస్త ప్రాణవాయువునూ లాగేసుకుంటుంది. ఆరు నెలలు ముట్టుకోని ఫిల్టర్ కూడా, ప్రతి ఆదివారం సబ్బుతో రుద్దిన ఫిల్టర్ లాగే, ఒకరోజు మోసం చేస్తుంది. ఎప్పుడు కడగాలో క్యాలెండర్ చెప్పదు, నీటిధార చెబుతుంది. ఫిల్టర్ నుంచి పడే ధార మామూలుకన్నా సన్నబడిందంటే సమయం వచ్చిందన్నమాట. అంతవరకు స్పాంజి ఎంత గోధుమరంగులో ఉన్నా దాని జోలికి పోకండి.

కడిగే పద్ధతి చాలా సులువు. ముందు ప్లగ్గు తీయండి. తడిచేతులతో పంపును ముట్టుకోవడం చేపలకు కాదు, మీకు ప్రమాదం. నీళ్ళు మార్చే రోజే ఈ పని పెట్టుకుంటే మంచిది. పైపు పెట్టి తొట్టెలోంచి ఒక బకెట్ నిండా నీళ్ళు తీయండి. ఎలాగూ పారబోయాల్సిన నీళ్ళే. ఆ నీళ్ళలోనే స్పాంజిని ముంచి నాలుగైదుసార్లు పిండండి. నీళ్ళు కాఫీ రంగుకు తిరుగుతాయి. చాలు, ఆపేయండి. స్పాంజి తెల్లబడనక్కరలేదు, నీళ్ళు దాని గుండా పారితే చాలు. రింగులనైతే పిండేది లేదు, రుద్దేది లేదు. అదే బకెట్లో ఒకసారి జాడించి తీసేయండి. మొక్కలున్నవాళ్ళు ఆ కాఫీ రంగు నీళ్ళను పారబోయొద్దు. తులసికోటకో, బాల్కనీలోని మల్లె కుండీకో పోయండి. అంతకు మించిన ఎరువు డబ్బాలో దొరకదు.

ఫిల్టర్‌లో రెండు స్పాంజులుంటే ఈసారి ఒకటి, రెండు మూడు వారాలయ్యాక ఇంకొకటి కడగండి. ఫిల్టర్ కడిగిన రోజే అడుగు రాళ్ళను కూడా పైపుతో దులపకండి, అద్దాలు గీకకండి. ఆ రోజు, మర్నాడు మేత సగానికి తగ్గించండి. చేపలు రెండు రోజులు అరకడుపుతో ఉంటే ఏమీ కాదు. పస్తు పెట్టి కాదు, ఎక్కువగా మేపి మనం వాటిని చంపుతున్నాం.

అన్నిటికీ ఇంత భయపడక్కరలేదు. తెల్ల దూది పొర ఉంటే అది సన్నటి మురికిని పట్టడానికే, పాడైతే తీసి పారేసి కొత్తది పెట్టుకోండి. బొగ్గు సంచి కొన్ని వారాల్లో శక్తి కోల్పోతుంది, దాన్ని కూడా మార్చేయవచ్చు. పంపులో తిరిగే అయస్కాంతపు రెక్కను, ఫిల్టర్ పైడబ్బాను కుళాయి కింద పాత టూత్‌బ్రష్‌తో ధారాళంగా కడుక్కోవచ్చు. బోరు నీళ్ళ వల్ల పట్టిన తెల్ల ఉప్పుపొర వదలకపోతే ఆ ప్లాస్టిక్ భాగాల్ని కాసేపు వెనిగర్‌లో నానబెట్టి బాగా కడిగితే పోతుంది.

తొట్టె అంచుకు తగిలించే ఫిల్టర్లలో కార్ట్‌రిడ్జి అని ఒకటి వస్తుంది. దూది, బొగ్గు, స్పాంజి అన్నీ ఒకే పలకలో కుట్టి ఉంటాయి. నెలకోసారి మార్చమని డబ్బా మీద రాస్తారు. ఆ సలహా చేపల మేలు కోరి రాసింది కాదు. నెలకోసారి దాన్ని పారేస్తే నెలకోసారి తొట్టె మొదటికొస్తుంది. దాని ముందు ఒక చిన్న స్పాంజి ముక్క ఇరికించి, అది కుదురుకున్నాక కార్ట్‌రిడ్జి మార్చుకోండి. లేదా అసలు కార్ట్‌రిడ్జే తీసేసి ఆ చోట స్పాంజి, రింగులు పెట్టుకోండి. ఫిల్టర్‌నే మార్చాలనుకుంటే పాతదాన్ని వెంటనే తీయకండి. నెలా నెలన్నరపాటు రెండూ కలిసి నడవనివ్వండి.

ఇప్పుడు కుళాయి నీళ్ళ సంగతి. మున్సిపాలిటీ వాళ్ళు నీళ్ళలో క్లోరిన్ కలిపేది సూక్ష్మజీవుల్ని చంపడానికే. కుళాయి దగ్గరికి వచ్చేసరికి కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన తాగునీటి ప్రమాణం చెబుతుంది. మన ఆరోగ్యానికి అది అవసరం. కాని ఆ క్లోరిన్‌కు చెడ్డ క్రిమి, మంచి క్రిమి అన్న తేడా తెలియదు. ఒకసారి కుళాయి కింద పట్టినంత మాత్రాన స్పాంజిలో ఉన్నవన్నీ చావవు, ఆ జిగురు పొర కొంత కాపాడుతుంది. ఏళ్ళుగా కుళాయి కిందే కడుగుతున్నాం, ఏమీ కాలేదనేవాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. వాళ్ళకు ఆ రోజు క్లోరిన్ తక్కువ వచ్చి ఉండవచ్చు, తొట్టె పెద్దదై చేపలు తక్కువై ఉండవచ్చు. కాని వానాకాలంలో నీళ్ళు బురదగా వచ్చినప్పుడు క్లోరిన్ మోతాదు పెంచుతారు. ఏ రోజు ఎంత కలిపారో మనకు తెలియదు. ఒక బకెట్టెడు తొట్టె నీళ్ళతో తీరే పనికి ఈ జూదం దేనికి?

తొట్టెలో పోసే కొత్త నీళ్ళకు కూడా ఇదే వర్తిస్తుంది. ఒక రోజంతా మూత లేని బకెట్లో ఉంచితే క్లోరిన్ చాలావరకు గాలిలో కలిసిపోతుంది. అందులో ఎయిర్ పంప్ గొట్టం వేస్తే ఇంకా త్వరగా పోతుంది. తొందరైతే దుకాణంలో యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి. వాటిలో ముఖ్యంగా ఉండేది సోడియం థయోసల్ఫేట్, ఫోటోస్టూడియోల వాళ్ళు ఒకప్పుడు హైపో అని వాడినదే. బోరు నీళ్ళైతే క్లోరిన్ బెడద లేదు.

క్లోరిన్ భయంతో కొందరు తాగే ఆర్‌ఓ నీళ్ళో, 20 లీటర్ల మినరల్ వాటర్ డబ్బానో తెచ్చి తొట్టె నింపుతున్నారు. ప్రేమ ఎక్కువై చేసే పని ఇది. ఈ సూక్ష్మజీవులు అమ్మోనియాను మార్చేటప్పుడు నీళ్ళలోని క్షారతను ఖర్చు చేస్తాయి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనికి సుమారు 7 గ్రాముల కాల్షియం కార్బనేట్‌కు సమానమైన క్షారత పోతుంది. ఆర్‌ఓ నీళ్ళలో అది దాదాపు ఉండదు. కొన్ని వారాల్లో పీహెచ్ జారి 6 దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రాణుల పని దాదాపు నిలిచిపోతుంది. మామూలు గోల్డ్‌ఫిష్, గప్పీ, మోలీ చేపలకు క్లోరిన్ పోయిన కుళాయి నీళ్ళే మేలు. బోరు నీళ్ళు మరీ ఉప్పగా ఉంటే, సగం ఆర్‌ఓ నీళ్ళు కలుపుకోండి.

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పవలసింది కరెంటు గురించి. రాత్రి చప్పుడు అవుతోందనో, బిల్లు పెరుగుతుందనో పడుకునే ముందు ఫిల్టర్ ఆపేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. 10 వాట్ల ఫిల్టర్ 24 గంటలూ తిరిగినా రోజుకు పావు యూనిట్ కూడా కాలదు, నెలకు 7 యూనిట్లు. ఆపితే మాత్రం స్పాంజి లోపల చిక్కుకున్న ప్రాణులు అక్కడి ప్రాణవాయువును తామే తినేసి ఉక్కిరిబిక్కిరవుతాయి. తొట్టె లోపల ఉండే స్పాంజి ఫిల్టర్ కొంతసేపు ఓర్చుకుంటుంది, చుట్టూ నీళ్ళున్నాయి కాబట్టి. బయట మూతపెట్టి బిగించిన క్యానిస్టర్ ఓర్చుకోలేదు. వేసవిలో ఈ ప్రమాదం రెట్టింపు. 20 డిగ్రీల నీళ్ళు లీటరుకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలిగితే, 30 డిగ్రీల నీళ్ళు ఏడున్నర మాత్రమే పట్టగలవు. మే నెలలో కరెంటు పోయి అయిదారు గంటలు రాకపోతే, వచ్చిన వెంటనే క్యానిస్టర్ స్విచ్ వేయకండి. లోపల మురిగిన నీళ్ళు ఒక్కసారిగా తొట్టెలో పడతాయి. ముందు విప్పి, ఆ నీళ్ళు పారబోసి, తొట్టె నీళ్ళతో జాడించి అప్పుడు నడపండి. కోతలు ఎక్కువున్న ఊళ్ళలో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్, దానికో స్పాంజి ఫిల్టర్ ఉంచుకోవడం ఖరీదైన ఫిల్టర్ కొనడంకన్నా తెలివైన పని.

మందుల దగ్గరా ఇదే జాగ్రత్త. మిథిలీన్ బ్లూ, యాంటీబయాటిక్‌లు తొట్టెలో పోస్తే జబ్బు క్రిమితో పాటు ఫిల్టర్‌లోవీ దెబ్బతింటాయి. జబ్బు చేపను వేరే టబ్బులోకి తీసి, అక్కడ గాలి పెట్టి వైద్యం చేయండి.

ఇక సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా. కొన్ని సీసాల్లో అసలైనవి ఉంటాయి, వాటి వల్ల కొత్త తొట్టె త్వరగా కుదురుకుంటుంది కూడా. చాలావాటిలో ఉండేది బాసిల్లస్ జాతి. అది విత్తనం లాంటి గట్టి రూపంలో నిద్రపోగలదు, అందుకే అల్మరాలో నెలల తరబడి నిలవ ఉంటుంది. రొయ్యల చెరువుల్లో చల్లే ప్రోబయోటిక్ పొడుల్లో ఎక్కువగా ఉండేది కూడా అదే. అడుగున పేరుకున్న కుళ్ళును అది తింటుంది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే పని దానికి రాదు. ఆ పని చేసేవాటికి అలా నిద్రపోయే విద్య లేదు. ఎండకు మాడే దుకాణపు అద్దాల అల్మరాలో అవి ఎన్నాళ్ళు బతుకుతాయో మీరే ఊహించండి. ఆ డబ్బుతో అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష చేసే చుక్కల కిట్టు కొనుక్కోవడం మంచిది.

ఇప్పటికే తప్పు జరిగిపోయిందనుకోండి, నెలనెలా వచ్చి తొట్టె కడిగే కుర్రవాడు మీరు ఇంట్లో లేనప్పుడు అన్నీ కడిగి ఆరబెట్టి వెళ్ళాడనుకోండి. కంగారుపడి మళ్ళీ మొత్తం ఖాళీ చేయకండి. మేత ఆపండి. ఎయిర్ పంప్ గట్టిగా పెట్టండి. రోజూ మూడో వంతు నుంచి సగం దాకా నీళ్ళు మార్చండి, క్లోరిన్ లేని, తొట్టెతో సమానమైన వేడి ఉన్న నీళ్ళతో. పరీక్షలో నైట్రైట్ కనిపిస్తే లీటరుకు ఒక గ్రాము చొప్పున అయోడిన్ కలపని కల్లుప్పు కరిగించి పోయండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి చొరబడనివ్వదు. మీసాల చేపలు, సున్నితమైన మొక్కలు ఉన్న తొట్టెలో మాత్రం ఉప్పు మోతాదు తగ్గించండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి నిలిచేదాకా కొత్త చేపను తేకండి.

తొట్టె బాగా నడుస్తున్నవాళ్ళకు ఒక మనవి. ఈ వారమే పది ఇరవై రూపాయల స్పాంజి ముక్క ఒకటి కొని మీ ఫిల్టర్‌లోనో, తొట్టెలో ఒక మూలనో అదనంగా పెట్టుకోండి. నెలా రెండు నెలల్లో అది గోధుమరంగుకు తిరుగుతుంది. మీ వీధిలోనో, మీ అపార్ట్‌మెంట్‌లోనో ఎవరైనా పిల్లల పుట్టినరోజుకు కొత్త తొట్టె కొన్నారని తెలిస్తే, ఆ ముక్కను తొట్టె నీళ్ళు నింపిన డబ్బాలో వేసి, ఆలస్యం చేయకుండా ఇచ్చిరండి. పాలకు తోడు పెట్టినట్టు అది ఆ తొట్టెను త్వరగా నిలబెడుతుంది. మీ తొట్టెలో జబ్బు చేప ఉన్నప్పుడు మాత్రం ఇవ్వకండి. ఇచ్చేటప్పుడు, దీన్ని కుళాయి కింద కడగొద్దని చెప్పి మరీ ఇవ్వండి.